జ్ఞాపకార్థం: పడమటి కర్నూలు పందేల్లో తండ్రుల పేర్లు

పడమటి కర్నూలు జిల్లాలో పందెం ఏదైనా, బహుమతి వెనక చాలాసార్లు చనిపోయిన ఒక తండ్రి పేరు ఉంటుంది. ఎద్దుల బండలాగుడు కావచ్చు, కబడ్డీ కావచ్చు, సంక్రాంతి సెలవుల్లో కుర్రాళ్లు పెట్టుకునే క్రికెట్ టోర్నీ కావచ్చు. కరపత్రంలో మొదటి బహుమతి మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద కీర్తిశేషుడి పేరు, ఆ పక్కన ‘జ్ఞాపకార్థం’, ఇంకా కింద ‘వారి కుమారులు’ అని దాతల పేర్లు. పోటీ జరుగుతున్నంతసేపూ మైకులో ఈ వరస మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఆయన ఏ ఊరివాడు, ఎన్ని జతలు కట్టించాడు, ఏ జాతరలో ఎవరి ఎద్దుల మీద గెలిచాడు అన్న సంగతులను వ్యాఖ్యాత తనకు తోచినంత కలిపి చెబుతాడు. సంవత్సరీకానికి బంధువులు వస్తే, పందేనికి మండలమంతా వస్తుంది. తండ్రి పేరు పదిమంది నోట పడాలనుకునే కొడుకుకు రెండోదే పెద్ద వేదిక.

ఇలాంటి పందేలు జరిగే పెద్దకడుబూరు మండలం ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంది. మంత్రాలయం, కోసిగి, కౌతాళం మండలాలతో కలిసి మంత్రాలయం శాసనసభ నియోజకవర్గంలోకి వస్తుంది. నేల ఎక్కువగా నల్లరేగడి. పత్తి, జొన్న, శనగ, ఉల్లి, మిరప పంటలు. పత్తి అమ్ముకోవాలంటే ఆదోని మార్కెట్. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు కొన్ని ఊళ్లకు అందుతాయి, మిగతావి వాననే నమ్ముకున్నాయి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక, థామస్ మన్రో కలెక్టర్‌గా శిస్తు లెక్కలు వేయించిన సీమ ఇది. తరువాత దాదాపు నూటయాభై ఏళ్లు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం బళ్లారి నుంచి విడిపోయి తెలుగు వైపు వచ్చాయి. తెలుగు, కన్నడం రెండూ మాట్లాడే ఇళ్లు ఈ ఊళ్లలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు వైపుల అభిరుచులూ ఎదురెదురుగా నిలబడతాయి.

రేగడిలో సేద్యం ఎద్దు బలం మీద నడిచింది. ఎండితే బీటలు వారి, తడిస్తే కాలు దిగబడే నేల అది. అందులో మడక, గుంటక, గొర్రు లాగాలంటే జత గట్టిగా ఉండాలి. వానపడ్డాక పదును ఆరిపోయేలోపు విత్తనం నేలలో పడాలి. అందుకే ఎద్దుల్లో ఎవరివి మంచివన్న చర్చ ఇక్కడ వినోదం కాలేదు. ఎవరి గొర్రు ముందు కదులుతుంది, ఎవరి చేను ముందు మొలుస్తుంది అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉండేది. పందెం పుట్టింది కూడా ఈ చర్చలోంచే అనుకోవడం తప్పు కాదు.

జ్యేష్ఠ పున్నమినాటి ఏరువాక ఇందుకు పాత సాక్ష్యం. కన్నడ పల్లెల్లో దాన్నే కారుహుణ్ణిమె అంటారు. ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గజ్జెలు కట్టి, సాయంత్రం ఊరి బజారులో ఉరికిస్తారు. వీధికి అడ్డంగా వేలాడే తోరణాన్ని ముందు తెంపిన ఎద్దుదే గెలుపు. తెల్లెద్దు తెంపితే ఆ ఏడు తెల్ల పంటలు, అంటే జొన్న, పత్తి బాగా పండుతాయని, ఎర్రెద్దు తెంపితే ఎర్ర పంటలదే పైచేయి అని నమ్మకం. తుంగభద్రకు రెండు వైపులా ఈ నమ్మకం ఉంది. నమ్మినా నమ్మకపోయినా ఏ ఎద్దు ముందుంటుందో పొద్దుటినుంచే వాదించుకోని అరుగు ఉండదు. పందెం ముగిసేది నిమిషంలో, వాదన మాత్రం విత్తనాలయ్యేదాకా సాగుతుంది.

బండలాగుడు వేరే రకం. పరుగులో వేగం, ఇక్కడ బలం. ఇంటి పునాదికి, బావి కట్టుకు, గుడి ప్రాకారానికి రాయిని ఎడ్లతో ఈడ్పించడం ఒకప్పుడు పనే. ఆ పనిని కొలతకు లోబరిస్తే పోటీ అయింది. పల్లె జాతరల్లో ఇది ఎప్పుడు మొదలైందని తేదీ వేయడం వృథా ప్రయాస. కాలం మాత్రం పంటను బట్టి కుదిరింది. ఖరీఫ్ పంట ఇంటికి చేరి, ఎద్దులకు విరామం దొరికేది సంక్రాంతి రోజుల్లో. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర కూడా జనవరిలోనే వస్తుంది. రథోత్సవానికి తోడు ఎద్దుల బండలాగుడు పోటీలు ఆ జాతరకు ఆనవాయితీ. చుట్టుపక్కల మండలాలవారే గాక దూరపు జిల్లాలవారూ జతల్ని లారీల్లో ఎక్కించుకుని వస్తారు.

పోటీ నడిచే తీరు చూస్తే అందులో అభిప్రాయాలకు ఎంత చోటుందో తెలుస్తుంది. చదును చేసిన పొడుగాటి బరి. చెక్కిన రాతిబండకు గొలుసు, గొలుసుకు కాడి, కాడికి జత. గడువు నిమిషాల్లో ముందే చెబుతారు. ఆ గడువులో జత బరి ఈ కొసనుంచి ఆ కొసకు, మళ్లీ వెనక్కి, ఎంతదూరం లాగితే అంత. దూరాన్ని అడుగులు, అంగుళాలతో సహా టేపు పట్టి రాస్తారు. నాలుగు అంగుళాల తేడాతో మొదటి బహుమతి పోయిందని ఏడాది పొడుగునా బాధపడిన ఇళ్లున్నాయి. గెలుపోటములు ఎక్కువగా తేలేది నేరుగా లాగేచోట కాదు, మలుపులో. బరి కొసన జత తిరిగేటప్పుడు లోపలి ఎద్దు దాదాపు నిలబడాలి, బయటి ఎద్దు చుట్టి రావాలి. దాపట కట్టిన ఎద్దు, వలపట కట్టిన ఎద్దు ఒకదాని మనసు ఒకటి ఎరిగి ఉంటే ఆ మలుపు రెండు మూడు అంగల్లో అయిపోతుంది. లేకుంటే బండ అడ్డం తిరుగుతుంది, గొలుసు కాలికి పడుతుంది, తోలేవాడు అరుస్తుంటాడు, గడియారం నడుస్తూనే ఉంటుంది.

విభాగాలు పళ్లను బట్టి. పశువుకు పాలపళ్లు ఊడి, కింది దవడ ముందు భాగంలో శాశ్వతమైన పళ్లు జతజతలుగా వస్తాయి. రెండు రెండున్నర ఏళ్లు దాటాక మొదటి జత, తరువాత ఏడాదికొకటి చొప్పున మిగతావి. కాబట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వర్గాలు చేసి, పళ్లన్నీ వచ్చిన పెద్ద ఎద్దులకు వేరే వర్గం పెడతారు. వర్గం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. పోటీకి ముందు నోరు తెరిచి చూడటం తప్పదు. ఒకరు ముకుతాడు పట్టి తల ఎత్తుతారు, ఇంకొకరు బొటనవేలితో కింది పెదవిని దించుతారు. మూడో జత చిగురులోంచి పొడుచుకు వస్తోందా, వచ్చేసిందా? వచ్చిందంటే ఎద్దు పై వర్గానికి పోవాలి, గెలిచే ఆశ సగానికి తగ్గుతుంది. అక్కడ జరిగే రచ్చను తీర్చడానికి కమిటీ పిలిచేది పశువుల డాక్టరునో, ఊళ్లో అందరూ ఒప్పుకునే పెద్దమనిషినో. ఆయన మాట మీద ఎదురు మాట ఉండదు, ఉంటే అది ఆయన వెళ్లిపోయాకే.

ఈ పెద్దమనుషులే తరువాత ‘జ్ఞాపకార్థం’ పేర్లుగా మారారు. వాళ్ల తీర్పులు చాలావరకు కాగితం మీద లేవు. కొడుకులు, పాలేర్లు, ఎడ్ల దళారులు వాటిని నోట మోశారు. వాటిలో మొదటిది జాతి సంగతి. ఒంగోలు ఎద్దు ఒడ్డూ పొడుగూ ఉన్నది, తెల్లనిది, మూపురం ఎత్తు, గంగడోలు పెద్దది, కొమ్ములు పొట్టివి. బరువు లాగడంలో దానికి సాటి లేదు. కర్ణాటక వైపు హళ్లికార్, ఖిల్లారి జాతులు ఒళ్లు సన్నవి, కొమ్ములు పొడుగువి, నడక చురుకైనవి. బండికీ, రోజంతా సాగే గుంటక పనికీ అవే మేలని నమ్మినవాళ్లు ఈ సరిహద్దు ఊళ్లలో ఎందరో. బండలాగుడు బరిలో ఒంగోలు గెలిచింది. అయినా బరిలో గెలిచిన ఎద్దు చేలో పనికిరాదని, ముప్పావుగంటకు రొప్పుతుందని వెక్కిరించిన పాతకాపులు ఆ మాట చివరిదాకా మార్చుకోలేదు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఒకరు పందేన్ని చూసి, ఇంకొకరు ఏడాది సేద్యాన్ని చూసి మాట్లాడారు.

ఒంగోలు జాతికి లోకంలో వచ్చిన పేరు ఈ వాదనను పెంచిందే గాని తగ్గించలేదు. బ్రెజిల్ పశుసంపదలో అధికభాగమైన నెల్లూరు జాతికి మూలం ఒంగోలు పశువులే. 1960ల మొదట్లో అక్కడికి వెళ్లిన కరవది ఆబోతు సంతతి ఆ దేశంలో వేళ్లూనుకుంది. మన పశువు విలువ సముద్రం అవతలివాడికి తెలిసింది, మనకు తెలియలేదు అనే ఫిర్యాదు కోస్తాలో ఎంత వినిపిస్తుందో కర్నూలులోనూ అంతే వినిపిస్తుంది.

రెండోది సుళ్ల సంగతి. వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోటు సుడి. నుదుట ఉంటే ఒక ఫలం, మూపురం మీద ఉంటే ఒకటి, వీపున పక్కకు జరిగి ఉంటే మరొకటి. చెడ్డ సుడి ఉన్న కోడెను సగం ధరకిచ్చినా కట్టుకోనివాళ్లు ఉన్నారు. ఆ ఎద్దే పక్కింటివాడి కొట్టంలో చేరి మూడు జాతరలు గెలిచినా వాళ్ల నమ్మకం చెక్కుచెదరదు. గెలిచిన ఎద్దుకు కలిగిన ఏ చిన్న జబ్బునైనా సుడికి అంటగట్టడం ఎంతసేపు? ఈ శాస్త్రానికి ఆధారం లేదని తేల్చేయడం సులువే. కాని సుడి కోసం ఒళ్లంతా తడిమే మనిషి అదే చేత్తో ఛాతీ వెడల్పు, వెన్ను నిలువు, గిట్టల బిగువు, కీళ్ల వాపు కూడా చూసేవాడు. గిట్టలు విచ్చుకున్న ఎద్దు గట్టి నేలమీద బండ లాగలేదన్నది అనుభవం మీద నిలిచిన మాట. సుడి నమ్మకం తీసేస్తే, మిగిలినదంతా పశువైద్యుడు ఒప్పుకునేదే.

మూడోది చెర్నాకోల. తీవ్రమైన అభిప్రాయాలు ఇక్కడే ఉండేవి. దెబ్బకు లాగే ఎద్దును ఎద్దుగా లెక్కవేయని పెద్దలు ఒక వైపు. అదిలింపుకు, పగ్గం కదలికకు, పేరు పెట్టి పిలిచిన పిలుపుకు కదిలేదే జత అని వాళ్ల వాదన. రాయి బరువెక్కి, బహుమతి పెరిగి, పందెం కోసమే ఎద్దును పెంచడం మొదలయ్యాక రెండో వైపు బలపడింది. తోలేవాళ్లు ఎక్కువయ్యారు, కేకలు, దెబ్బలు ఎక్కువయ్యాయి. కాలక్రమంలో చట్టం కూడా ఈ చర్చలోకి వచ్చింది. జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆ చట్టం కింద నిషేధించింది. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ సవరణలు తెచ్చుకున్నాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణల్ని సమర్థించింది. ఆ మూడు రాష్ట్రాల జాబితాలో ఆంధ్ర లేదు. బండలాగుడు మాత్రం జాతర జాతరకూ జరుగుతూనే ఉంది. చెర్నాకోల మీద కోర్టులు చెప్పిన దానిలో కొంత, ఈ ఊళ్ల అరుగుల మీద అంతకుముందే చెప్పినవాళ్లున్నారు. వాళ్లకు ఆ రోజు ఓటు పడలేదు.

ఎడ్ల కాలం తగ్గడం 1970ల తరువాత మొదలై, ట్రాక్టరు ఇంటింటి సంగతి అయ్యేసరికి పూర్తయింది. విచిత్రం ఏమిటంటే, సేద్యంలో ఎద్దు తగ్గేకొద్దీ పందెంలో ఎద్దు ఖరీదు పెరిగింది. పని చేసే జత వేరు, పందెం జత వేరు అయ్యాయి. పందెం జతకు ఉలవలు, దాణా, గుడ్లు, బెల్లం, ఇద్దరు మనుషుల చాకిరీ. ఇది మధ్యరకం రైతు భరించేది కాదు. పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం మండలాల నుంచి ఏటా వేలమంది సుగ్గికి, అంటే వలస పనికి, పోతారు. గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి తీతకు, లేకుంటే బెంగళూరు కట్టడాల పనికి. బడి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని తలుపుకు తాళం వేసి పోయే ఇళ్లలో ఎద్దు ఎక్కడుంటుంది? ఎడ్లను తోలినవాడు, మేపినవాడు, మలుపులో పగ్గం పట్టి గెలిపించినవాడు చాలాసార్లు ఇలాంటి ఇంటి మనిషే. ఎద్దు గురించి యజమాని కంటే ఎక్కువ తెలిసినవాడూ అతడే. అయినా అతడి పేరు ఏ బహుమతి కిందా అచ్చు కాదు. జ్ఞాపకార్థం బహుమతి తండ్రిని గుర్తు చేసుకునే ఆచారమే, కాని డబ్బున్న తండ్రినే. ఈ ఆచారపు చరిత్ర రాసేటప్పుడు ఇది దాటేయదగిన సంగతి కాదు.

చనిపోయినవారి పేరు రాతికి కట్టడం రాయలసీమకు కొత్త కాదు. ఆలమందను కాపాడుతూ, ఊరి పొలిమేరలో పోరాడుతూ చనిపోయినవారికి నిలిపిన వీరగల్లులు సీమ అంతటా కనిపిస్తాయి. బహుమతికి పేరు పెట్టడం మాత్రం ఆధునిక కాలపు అలవాటు. సంస్థానాధీశులు, నవాబులు వెండి కప్పులు ఇచ్చిన రోజుల్లో అది పట్నాల్లో పాతుకుంది. హైదరాబాదులో నవాబు మొయినుద్దౌలా పేరిట బంగారు కప్పు 1930-31లో మొదలైంది. అది బతికున్న దాత పేరు. 1933 ఏప్రిల్‌లో రంజిత్‌సింహ్‌జీ చనిపోతే, పటియాలా మహారాజు ఇచ్చిన ట్రోఫీకి ఆయన పేరు పెట్టి 1934-35లో రంజీ పోటీలు మొదలుపెట్టారు. పల్లె కరపత్రంలోని ‘జ్ఞాపకార్థం’ ఈ రెండింటికీ చిన్న తమ్ముడు. బడిలో మార్కుల బహుమతి, గ్రంథాలయానికి బీరువా, గుడికి గంట, తరువాత పందేనికి షీల్డు.

ఆదోని ఆంధ్రలోకి వచ్చిన 1953 శీతకాలంలోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో దిగింది. దాని మొదటి సారథి సి.కె. నాయుడు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. కొత్త రాష్ట్రపు కొత్త జట్టులోని కుర్రాళ్లకు తండ్రి వయసు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895 అక్టోబరు 31న పుట్టి, ఇందోర్ హోల్కర్ సంస్థానంలో సైనిక హోదాతో స్థిరపడిన కఠారి కనకయ్య నాయుడు తెలుగువారికి దూరపు బంధువులా ఉండేవాడు. పేరు మనది, ఊరు మనది కాదు. ఆటలో ఇంత గట్టి అభిప్రాయాలున్న మరో తెలుగు మనిషిని, చనిపోయాక బిడ్డ రాసిన పుస్తకంలో చదవగలిగే మరో తెలుగు తండ్రిని చూపడం కష్టం.

ఆయన అభిప్రాయాలు ఉపన్యాసాల్లో కన్నా ఆటలోనే కనిపించాయి. బంతిని కొట్టాలి, దాన్నుంచి తప్పించుకోకూడదు. 1926 డిసెంబరులో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో వచ్చిన ఎంసీసీ మీద బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టు తరఫున రెండు గంటల లోపే 153 పరుగులు చేశాడు. అందులో 11 సిక్సర్లు. ఆ ఇన్నింగ్స్ తరువాతే భారత జట్టుకు టెస్టు హోదా దక్కే దారి తేలికైంది. రెండోది, దెబ్బ తగిలినా పైకి కనపడనివ్వకూడదు. 1936లో ఓవల్‌లో గబ్బీ అలెన్ బంతి ఒంటికి బలంగా తగిలినా ఆడి 81 పరుగులు చేశాడు. అదే ఆయన చివరి టెస్టు. 1951-52 రంజీ ఫైనల్లో బొంబాయి బౌలర్ దత్తు ఫడ్కర్ విసిరిన బంతికి మూతి పగిలి రెండు పళ్లు ఊడితే, వాటిని పిచ్ మీద నుంచి పక్కకు నెట్టి, వైద్యం వద్దని ఆట సాగించాడని ఆ తరం ఆటగాళ్లు చెప్పుకునేవారు. అప్పుడాయన వయసు 56. మూడోది, వయసును సాకుగా చూపకూడదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున చివరి రంజీ మ్యాచ్ ఆడేనాటికి అరవై దాటాడు.

నాలుగోది అందరికీ రుచించలేదు. నాయకత్వం ఆట వచ్చినవాడికి దక్కాలి, వంశానికి కాదు. 1932 ఇంగ్లండ్ పర్యటనకు సారథి పోరుబందరు మహారాజు, ఉపసారథి లింబ్డి రాకుమారుడు. జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు మొదలయ్యేసరికి ఇద్దరూ తప్పుకున్నారు. నాయుడు సారథి అయ్యాడు. తొలి ఇన్నింగ్స్‌లో ఆయన చేసిన 40 పరుగులే జట్టులో అత్యధికం. భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. ఆ పర్యటనలో చూపిన ఆటకు విజ్డెన్ 1933లో ఆయన్ను ఏటి అయిదుగురు క్రికెటర్లలో ఒకడిగా ఎంచింది. 1936లో మాత్రం సారథ్యం విజయనగరం మహారాజకుమార్‌కు దక్కింది. ఒక తెలుగు ఇంటి రాకుమారుడు సారథి, ఒక తెలుగు ఇంటి ఆటగాడు ఆయన కింద. ఇద్దరి మధ్య పొసగలేదు. జట్టు రెండు వర్గాలైంది. ఆ పర్యటన భారత క్రికెట్ చరిత్రలో ఆటకన్నా తగాదాలకే ఎక్కువగా గుర్తుండిపోయింది.

హోల్కర్ జట్టును ఆయన నడిపిన తీరు కూడా ఈ అభిప్రాయాల పొడిగింపే. ముస్తాక్ అలీ, సర్వటే, నింబాల్కర్ వంటివారితో తొమ్మిదేళ్లలో ఎనిమిదిసార్లు రంజీ ఫైనల్‌కు చేరి నాలుగు టైటిళ్లు గెలిచింది. పెద్ద పట్నాల జట్ల ముందు ఒక సంస్థానం జట్టు ఇంతకాలం నిలిచిందంటే అది కవాతు లాంటి క్రమశిక్షణ వల్లే. మెచ్చుకున్నవాళ్లు దాన్ని క్రమశిక్షణ అన్నారు, దాని కింద నలిగినవాళ్లు వేరే మాట అన్నారు. 1956లో పద్మభూషణ్ అందుకున్న నాయుడు 1967 నవంబరు 14న ఇందోర్‌లో కన్నుమూశాడు.

ఆయన్ను పుస్తకంగా రాసింది కూతురు చంద్రా నాయుడు. 1933లో పుట్టిన ఆమె ఇంగ్లిషు అధ్యాపకురాలు, ఇందోర్‌లో ఆడపిల్లల కళాశాలకు ప్రిన్సిపల్‌గా చేశారు. 1977లో ఇందోర్‌లో ఎంసీసీ, బొంబాయి జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌కు వ్యాఖ్యానం చెప్పి, దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు పొందారు. 1995లో ‘సి.కె. నాయుడు: ఎ డాటర్ రిమెంబర్స్’ వెలువడింది. గణాంకాల పుస్తకాలు ఏడు టెస్టులు, 350 పరుగులు అని ఒక వరసలో తేల్చేసే మనిషిని అర్థం చేసుకోవడానికి ఇల్లు తెలిసిన సాక్షి కావాలి. ఆ అంకెలతో కొలిస్తే నాయుడు మామూలు బ్యాట్స్‌మన్‌. ఆయన్ను చూడటానికి జనం ఎందుకు ఎగబడ్డారో అంకెలు చెప్పలేవు. పైగా ఆమె ఆటను మైకు ముందు కూర్చుని చెప్పిన మనిషి, తండ్రి అభిప్రాయాల్ని తూచగల మనిషి. 2021 ఏప్రిల్ 4న ఆమె ఇందోర్‌లో మరణించారు.

కర్నూలు పల్లెల జ్ఞాపకార్థం బహుమతుల పక్కన ఈ పుస్తకాన్ని పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కరపత్రాల్లో దాతలు కొడుకులే, కూతుళ్ల పేర్లు అరుదు. తల్లి పేరు చేరినా ‘తల్లిదండ్రుల జ్ఞాపకార్థం’ అనే జంటలోనే చేరుతుంది. బండలాగుడు బరి దగ్గర ఆడవాళ్లు నిలబడి చూడటమూ తక్కువే. కాని కొట్టంలో ఎద్దుకు పొద్దున్నే కుడితి పెట్టి, దాణా కలిపి, ఏ పూట మేత తగ్గించిందో మొదట పసిగట్టేది ఇంటి ఆడవాళ్లే. ఏ ఎద్దు గురించి నాన్న ఏమన్నాడో అక్షరం పొల్లు పోకుండా చెప్పగలిగేదీ తరచుగా కూతుళ్లే. కొడుకులకు గెలిచిన జాతరలు గుర్తుంటాయి, కూతుళ్లకు ఓడిన రాత్రి తండ్రి అన్నం ముట్టకపోవడం గుర్తుంటుంది. అదంతా ఇప్పటిదాకా మాటల్లోనే ఉంది.

పెద్దల పేర్లు ఎంతకాలం నిలుస్తాయన్నది బహుమతిని ఎవరు నడుపుతారన్నదాని మీద ఉంటుంది. నాయుడు పేరిట క్రికెట్ బోర్డు 1973-74లో కుర్రాళ్ల ట్రోఫీ మొదలుపెట్టింది. అరవై దాటాక కూడా బ్యాటు దించని మనిషి పేరును వయసు పరిమితి ఉన్న పోటీకి పెట్టడంలో ఎవరూ చమత్కారం ఉద్దేశించి ఉండరు. 1994 నుంచి ఆయన పేరిట జీవితకాల పురస్కారం కూడా ఉంది. ఊరి పందేనికి అలాంటి బోర్డు లేదు. జాతర కమిటీ ఏటేటా దాతల ఇళ్లకు వెళ్లి బహుమతి రాయించుకుంటుంది. కొడుకు పట్నం చేరాక కొన్నేళ్లు డబ్బు పంపుతాడు, పోటీ నాడు వచ్చి షీల్డు అందించి ఫొటో దిగుతాడు. మనవలకు ఎద్దుల పళ్లు చూడటం రాదు, తాత ఏ జాతిని మెచ్చాడో తెలియదు. ఏదో ఒక ఏడు డబ్బు రాదు. కమిటీవారు మరో ఇంటి తలుపు తడతారు. ఆ ఇంట్లో ఈమధ్యనే పోయిన తండ్రి పేరు ఆ ఏటి కరపత్రంలో మొదటి బహుమతి కింద అచ్చవుతుంది.